రాగి గంగాళంలో వాననీళ్లు

నల్లగొండకు ఉప్పునీళ్లు మోసుకొచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా ఊరి బావుల్లో ఉప్పుకు కరువా? ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగదు, పిల్లల పళ్లు పచ్చబడతాయి. అలాంటి ఊరికి నేను బెజవాడ దాకా రైల్లో, అక్కణ్నుంచి బస్సులో, రెండు పెద్ద ఊరగాయ జాడీల నిండా సముద్రపు నీళ్లు తెచ్చాను. మూతులకు గుడ్డ కట్టి ఉండడంతో బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ ఆవకాయ అనుకుంది. ఉప్పునీళ్లని చెబితే కాసేపు నా ముఖం చూసి, తన మూటను నాకు దూరంగా జరుపుకుంది.

అసలు తెచ్చింది నీళ్లను కాదు. ఒళ్లో పెట్టుకున్న వెడల్పు మూతి గాజుసీసాలో, చెరో రాతిముక్కను పట్టుకుని, రెండు ప్రాణులు ఉన్నాయి. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు పంతులమ్మను. ఆ ఏడాది దసరా సెలవుల్లో సైన్సు చెప్పేవాళ్లకు సముద్రం ఒడ్డున ఒక కాలేజీలో శిక్షణ పెట్టారు. ఆటుకు నీళ్లు వెనక్కి పోయినప్పుడు రాళ్ల సందుల్లో ఆ ప్రాణిని మొదటిసారి చూశాను. బొటనవేలంత గోధుమరంగు మొద్దు, దాని తల మీద చుట్టూ సన్నటి రేకులు. చూస్తే చామంతి, ముడితే జంతువు. రేకులన్నీ లోపలికి లాక్కుని ముద్దయిపోతుంది. పుస్తకంలో దాని పేరు సీ ఎనిమోన్. మా ఇంట్లో సముద్రపు పువ్వు అయింది. మా బడి పిల్లలు సముద్రాన్నే చూడలేదు, పోనీ సముద్రంలో బతికే ఒక్క ప్రాణినైనా చూపిద్దామని నాకు పంతం పుట్టింది. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

అప్పట్లో సాగర్ డ్యాం కడుతున్నారు. మా ఆయన అక్కడ ఓవర్సీరు, పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో నాకు తోడు మా బాపు. అమ్మ పోయాక, చిట్యాల దగ్గర ఊళ్లో ఒంటరిగా ఉన్నవాణ్ని బతిమాలి తెచ్చుకున్నాను. బాపు సాలెవాడే గాని మగ్గం మీద కంటే రంగుకుండల దగ్గరే ఎక్కువ బతికాడు. నూలుకు నీలి అద్దడంలో ఆయన చేయి మంచిదని చుట్టుపక్కల పేరు. వస్తూ వస్తూ ఒక నీలికుండను ఎడ్లబండి మీద తెచ్చి మా పెరట్లో మెడ దాకా పాతిపెట్టాడు. ఊళ్లో తెలిసిన సాలెవాళ్లు నూలు తెస్తే ముంచి ఇచ్చేవాడు. ఆ కుండ మీద వచ్చినదాంట్లో నుంచి రోజూ ఏదో ఒక కూర పట్టుకుని ఇంట్లోకి వచ్చేవాడు. బిడ్డ ఇంట్లో ఊరికే తినడం ఆయన వల్ల కాదు. నేను ఎంత కోప్పడినా వినలేదు.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాడు. నా ఇంట్లో ఆయన ఏ మాటైనా ఒక్కసారే చెప్పేవాడు. పప్పులో ఉప్పు తక్కువైందని ఒకసారి చెబుతాడు, వేస్తే వేశాను, లేకుంటే లేదు, అలాగే తిని లేచిపోతాడు. మా సొంత ఊళ్లో అమ్మతో మాటకు మాట వాదించిన మనిషి. ఇదేమిటని ఒకసారి అడిగాను.

"కొడుకింట్ల అయితే పదిసార్లు జెప్పొచ్చు బిడ్డా. బిడ్డింట్ల మాట ఒక్కపారే జెప్పాలె," అన్నాడు.

ఆయనకు కొడుకులు ఎవరూ లేరు. ఉన్నది నేనొక్కదాన్నే. ఆ మాట నాకు గుచ్చుకుంది గాని, పెద్దవాళ్ల చాదస్తమని వదిలేశాను.

ఫోటోలకు అద్దాలు కట్టే సాయిబు ఒకాయన నాకు గాజుపలకలు అతికించి, అంచులకు లప్పం పెట్టి ఒక తొట్టి చేసి ఇచ్చాడు. దాన్ని తూర్పు కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, ఒక జాడీ సముద్రపు నీళ్లు పోశాను. రెండో జాడీని మూత కట్టి చీకటి గదిలో దాచాను, ఆపద వేళకు పనికొస్తుందని. తొట్టి అడుగున రెండు రాతిముక్కలు, వాటి మీద రెండు పువ్వులు. బాపు వచ్చి వంగి చూశాడు. నేను పుస్తకం తెరిచి వాటి సంగతంతా చెప్పబోయాను. ఆయన నా మాట వినలేదు, తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

నీలికుండ సంగతి తెలిసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. రంగువేసేవాళ్లకు కుండ ఒక ప్రాణి. సున్నం ఎక్కువైతే దానికి ఒంట్లో బాగుండదు, బెల్లం తక్కువైతే ఆకలి వేస్తుంది, చలికాలం కప్పిపెట్టకపోతే చచ్చిపోతుంది. కుండ చచ్చింది అనే మాటను ఇంట్లో మనిషి పోయినట్టే అంటారు. బాపు రోజూ పొద్దున్నే కుండ మూత తీసి, వాసన చూసి, వేలితో రుచి చూసి, ఆ రోజు దానికి ఏం పెట్టాలో తేల్చేవాడు. అలా తొట్టి కూడా ఆయన చేతికి వచ్చింది. నేను అప్పజెప్పలేదు, ఆయనా అడగలేదు.

నా దగ్గర పాలలో నీళ్లు కలిపారో లేదో చూసే లాక్టోమీటరు ఉండేది. తొట్టి నింపిన మొదటి రోజు అది ఎంత లోతున తేలిందో చూసి దాని మీద సిరాతో గీత పెట్టుకున్నాను. ఎండకు నీళ్లు ఆవిరైతే ఉప్పు మిగిలి నీళ్లు చిక్కబడతాయి, లాక్టోమీటరు పైకి లేస్తుంది. ఈ విషయంలో మొదట్లో బాపుకీ నాకూ వాదం నడిచింది. తగ్గినవి ఉప్పునీళ్లు గనుక దాచిపెట్టిన జాడీలో నుంచి ఉప్పునీళ్లే పోయాలంటాడు ఆయన. కుండలో రంగునీళ్లు తగ్గితే రంగునీళ్లే కదా పోసేది. కుండలోవి నూలు తాగితే తగ్గాయి, ఇక్కడివి గాలికి పోయాయి, గాలి మంచినీళ్లే తాగుతుంది, ఉప్పు ముట్టదని నేను చెప్పాను. ఆయన నమ్మలేదు. మూడు రోజులు రుచి చూసి, నాలుగో రోజు ఊరి బయట మంచినీళ్ల బావికి వెళ్లి మట్టికడవతో నీళ్లు తెచ్చి, లాక్టోమీటరు మళ్లీ గీత దగ్గరకు దిగేదాకా పోశాడు. అదే ఆయన ఒప్పుకోవడం. ఆ తర్వాత ఉప్పు ఎక్కింది బిడ్డా అని ఆయన అన్న రోజున నేను లాక్టోమీటరు వేసి చూస్తే నిజంగానే ఎక్కి ఉండేది. ఆరు నెలల్లో ఆ నాలుక తప్పింది నాకు గుర్తు లేదు.

గాలి కొట్టే మిషన్లు మాకెక్కడివి? పొద్దున, సాయంత్రం గాజుగ్లాసుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి తిరిగి తొట్టిలోనే పోసేవాళ్లం, వందసార్లు. నేను బడికి పోయే తొందరలో యాభైకే ఆపేసేదాన్ని, బాపు మిగతా యాభై పూర్తి చేసేవాడు. వారానికి రెండుసార్లు మేత. చెరువుచేపలో ముల్లు లేని ముక్కను కందిగింజంత కోసి పెట్టాలి. నేను పట్టకారుతో పెడితే రేకులు ముడుచుకునేవి. బాపు తన వేలి కొసన పెట్టుకుని మెల్లగా దించేవాడు. రేకులు వచ్చి ముక్కతోపాటు వేలినీ అంటుకునేవి. అలా అంటుకున్నప్పుడు ఆయన కదిలేవాడు కాదు. అది వదిలేదాకా నిలబడేవాడు, పెరట్లో ఎవరైనా నూలు పట్టుకుని పిలుస్తున్నా సరే.

తినకుండా వదిలేసిన ముక్కను గంటలో తీసేయాలి, లేకపోతే నీళ్లు కంపుకొడతాయి. ఎండాకాలం మరీ ఫికర్ అయింది. నల్లగొండ ఎండకు బండలే పేలతాయి. తొట్టి చుట్టూ తడిగుడ్డ చుట్టి, అది ఆరకుండా ఇద్దరం వంతులేసుకున్నాం. రోహిణి కార్తె వెళ్లేదాకా నాకు సరిగ్గా నిద్ర లేదు. మొదటి వాన పడిన రోజు రెండు పువ్వులూ నిండుగా విచ్చుకుని కనిపించేసరికి ఇక గండం గడిచిందనుకున్నాను. మా హెడ్‌మాస్టరమ్మకు మాట కూడా ఇచ్చేశాను, పంద్రాగస్టు నాడు తొట్టిని బడికి తెచ్చి పిల్లలందరికీ చూపిస్తానని. ఇల్లు అలకగానే పండుగ కాదని నాకెవరు చెప్పాలి?

వానలు మొదలవగానే నాకొక మంచి ఆలోచన వచ్చింది. వాననీళ్లంత శుద్ధమైన నీళ్లు లేవని నేనే పాఠం చెబుతాను. బాపు రోజు మార్చి రోజు అంతదూరం కడవ మోయడం ఎందుకు? ఇంట్లో పెద్ద రాగి గంగాళం ఉంది. నా పెండ్లికి బాపు పెట్టింది. ప్రతి శుక్రవారం చింతపండుతో తోమితే వాకిట్లో బంగారంలా మెరిసేది. రాగిలో ఉంచిన నీళ్లు ఒంటికి మంచివని లోకమంతా చెప్పే మాట. ఇంట్లో ఉన్నవాటిలో మంచి గిన్నె తీసి చూరు కింద పెట్టాను. నిండింది. మూత పెట్టి, తొట్టికి ఆ నీళ్లే పోయడం మొదలుపెట్టాను.

మొదటి రోజు బాపు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు.

"వాననీళ్లు మంచియే. మట్టికుండల వట్టు బిడ్డా. రాగిది రంగును మారుస్తది," అన్నాడు.

రంగువాళ్లు రాగిపాత్రలో రంగు కలపరు. కలిపితే ఎరుపు నల్లబడుతుందో, పసుపు ఆకుపచ్చగా మారుతుందో, ఏదో ఒకటి అవుతుంది. చిన్నప్పటి నుంచి ఇంట్లో చూసిన సంగతే. నేను నవ్వాను. ఇది రంగు కాదు బాపూ, ప్రాణం అన్నాను. ఆయన తల ఊపి పెరట్లోకి వెళ్లిపోయాడు. ఒక్కసారి చెప్పాడు, అయిపోయింది.

నెల తిరిగేసరికి పువ్వులు డీలా పడ్డాయి. మొదట విచ్చుకోవడం తగ్గింది. తర్వాత మేత పెడితే పట్టుకోకుండా వదిలేయసాగాయి. రాతి మీద ఆ ప్రాణులతో పాటే వచ్చిన గింజంత నత్త ఒకటి గాజు మీద పాకుతుండేది, అది ఒకరోజు అడుగున వెల్లకిలా పడి ఉంది. లాక్టోమీటరు వేస్తే గీత దగ్గరే తేలుతోంది. నీళ్లు తేటగా ఉన్నాయి. వాసన లేదు. నా పుస్తకంలో ఉన్నవన్నీ సరిగ్గానే ఉన్నాయి, ప్రాణులు మాత్రం చస్తున్నాయి. బాపు రుచి చూసి ఏదో తేడా ఉందన్నాడు, ఏమిటంటే చెప్పలేకపోయాడు. ఉప్పు కాదు, ఇంకేదో అన్నాడు. నేను విసుక్కున్నాను.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి బాపు మణికట్టు దాకా చెయ్యి తొట్టిలో పెట్టి, పెద్ద పువ్వు ముందు వేలు ఉంచుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడే కుండ దగ్గర నుంచి వచ్చాడేమో, చేతుల నీలి ఇంకా తడిగా మెరుస్తోంది. మర్నాడు పొద్దున ఆ పెద్ద పువ్వు రాయిని వదిలేసి, తిరగబడి, జిగురు ముద్దగా తేలుతోంది. కంపు గది దాటి వసారాలోకి వచ్చింది.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. అది కూడా నేను పిల్లలకు నేర్పిన సామెతే.

"ఎన్నిసార్లు జెప్పాలె బాపూ? ఆ రంగుచేతులు నీళ్లల్ల పెట్టి పెట్టి దాన్ని సంపినవు," అన్నాను.

నిజానికి నేను అంతకుముందు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయన ఆ మాట అనలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. చిన్నపిల్లవాడు బెత్తం చూసి దాచుకున్నట్టు దాచుకుని, పెరట్లోకి నడిచాడు. చచ్చినదాన్ని నేనే తీసి పారబోశాను. ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు పువ్వు కోసమేననుకున్నాను.

ఆ రోజు నుంచి బాపు తొట్టి ఉన్న గదిలోకి రాలేదు. భోజనం కూడా వసారాలో కూర్చుని తినేవాడు. వందసార్లు నీళ్లు ఎత్తిపోయడం నాకు పూర్తిగా పడింది. రెండు మూడు రోజులు పెరటి బావి దగ్గర ఆయన బూడిద, ఇటుకపొడి వేసి చేతులు రుద్దుకోవడం చూశాను. నిమ్మచెక్క పెట్టి గోళ్లు తోముతున్నాడు. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి నెత్తురు కనిపిస్తోంది. నీలి ఎక్కడికి పోతుంది? నలభై ఏళ్ల నీలి. ముసలితనాన ఇదేం శుభ్రమో అనుకుని పక్క నుంచి వెళ్లిపోయాను. ఎందుకు రుద్దుతున్నావని ఒక్క మాట అడగలేదు. ఈ వయసులో కూడా, ఆ బావిగట్టు గుర్తొస్తే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

నాలుగో రోజున, వానకు ఊళ్లో ఇల్లు కురుస్తుందేమో చూసుకోవాలని, బుధవారం పోతానని చెప్పాడు. చూసి ఎప్పుడొస్తావంటే కండువా దులుపుకుని లేచాడు. పెరట్లో నీలికుండలోకి రెండు రోజులుగా బెల్లం పడలేదు. దాన్ని చంపుకుంటున్నాడని అప్పుడు అర్థమైంది. కుండను బండి మీద తీసుకుపోవడం కష్టం, బతికి ఉన్నదాన్ని వదిలి పోవడం ఆయన వల్ల కాదు. అంటే తిరిగి రాడు. ఆ ఊళ్లో ఆయనకు పొయ్యి రాజేసేవాళ్లు కూడా లేరు. ఉండమని అడగడానికి నాకు నోరు రాలేదు. తప్పు ఆయనదే అని నా లోపల ఇంకా ఒక మొండిఘటం కూర్చుని ఉంది.

సోమవారం బడిలో ఎనిమిదో తరగతికి లోహాల పాఠం. ప్రతి ఏడూ చెప్పేదే. కళాయి లేని రాగిగిన్నెలో పులుసు ఎందుకు వండకూడదు? మజ్జిగ ఎందుకు పోయకూడదు? చింతపండు పులుపు తగిలితే రాగి కరిగి అందులోకి దిగుతుంది, అది విషం, మనకంటే ముందు చిన్న ప్రాణులకు విషం. చెరువులో పాచిని చంపడానికి మైలుతుత్తం వేస్తారు, అదీ రాగి ఉప్పే. నల్లబల్ల మీద ఇదంతా రాస్తున్నాను. చింతపండు అనే మాట దగ్గర నా చెయ్యి ఆగింది. ప్రతి శుక్రవారం చింతపండుతో తోమిన గంగాళం. అందులో రోజుల తరబడి నిలవున్న నీళ్లు. నీళ్లు ఎగిరిపోతే రాగి ఎగిరిపోదు, ఉప్పులాగే తొట్టిలో మిగిలి పేరుకుంటుంది. ఎగిరేది మంచినీళ్లేనని బాపుకు పాఠం చెప్పింది నేనే.

తలనొప్పి అని చెప్పి ఇంటికి పరిగెత్తాను. గంగాళం మూత తీసి అంచు లోపల వేలితో రాస్తే ఆకుపచ్చని చిలుం అంటుకుంది. చీకటి గదిలో దాచిన రెండో జాడీని ఈడ్చుకొచ్చాను. తొట్టిలో నీళ్లన్నీ తోడి పారబోసి, గాజును కడిగి, దాచిన సముద్రపు నీళ్లు పోశాను. మిగిలిన చిన్న పువ్వు రాతి మీద గోలీకాయంత ముద్దగా ముడుచుకుని ఉంది. బతికి ఉందో లేదో తెలియలేదు. గంగాళంలో నీళ్లు వాకిట్లో పారబోస్తుంటే ఆ చప్పుడుకు బాపు పెరట్లోంచి వచ్చాడు.

"నీ చేతుల తప్పు లేదు బాపూ. రాగి సంపింది. నువ్వు జెప్పినవు, నేను ఇనలే," అన్నాను.

ఆయన గంగాళం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను బొరబొరా ఏడుస్తున్నాను, బజారులో పోయేవాళ్లు చూస్తున్నా సరే.

"నేనన్నా ఇంకోపారి జెప్పకపోతి," అన్నాడు.

అంతే. నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. గంగాళాన్ని బోర్లించి, గోడకు ఆనించి పెట్టాడు. మంగళవారమంతా పువ్వు విచ్చుకోలేదు. బుధవారం పొద్దున ఆయన మూట వసారాలో కట్టి ఉంది. బస్సు వేళ అవుతోంది. నేను తొట్టి దగ్గర నిలబడి, ఉండమని ఎలా అడగాలో తెలియక, మేత పెట్టే వేళ అయింది బాపూ, పట్టకారుతో నావల్ల కాదు అన్నాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడి, రెండు చేతులూ నాకు తిప్పి చూపించాడు. రుద్ది రుద్ది చర్మం ఎర్రగా పగిలింది, గోళ్ల మొదట్లో నీలి మాత్రం అలాగే ఉంది.

"ఇంతకన్న పోతలేదు బిడ్డా," అన్నాడు.

నేను ఆ చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరకు తీసుకొచ్చాను. ఉప్పునీళ్లలోకి దిగగానే పగుళ్లు మండాయేమో, ఆయన పెదవి బిగించాడు. చెయ్యి మాత్రం తీయలేదు. వేలి కొసన కందిగింజంత చేపముక్క. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. ముద్దలోంచి ముందు ఒక రేకు వచ్చింది, తర్వాత నాలుగు. మెల్లగా వచ్చి ఆయన వేలిని అంటుకున్నాయి.

బయట బజారులో బస్సు హారన్ వినబడింది. నేను ఆయన ముఖం చూశాను.

"ఇది ఇడిసేదాక ఎట్ల పోవాలె," అన్నాడు బాపు.

పంద్రాగస్టు నాడు ఇద్దరం తొట్టిని రిక్షాలో ఒళ్లో పెట్టుకుని బడికి తీసుకెళ్లాం. పిల్లలు వరుసగా వచ్చి చూశారు, బాపు నీలివేలితో మేత పెట్టి చూపించాడు. ఆ పువ్వు మరో ఏడాదిన్నర బతికింది. బాపు పన్నెండేళ్లు బతికాడు, మా ఇంట్లోనే. ఆ బుధవారం మధ్యాహ్నం, మూట విప్పి కుండలో బెల్లం వేసి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. నేను ఏదో ఆలోచనలో ఉండి లేవలేదు.

ఆయన ముద్ద కలపడం ఆపి, పప్పులో ఉప్పు తక్కువైందని మళ్లీ చెప్పాడు.